అమీర్ ఖుస్రో హిందవీ గీతములు

దక్షిణాదినుండి రైలులో ఢిల్లీ చేరు తెలుగువారిలో చాలమంది హజ్రత్ నిజాముద్దీన్ స్టేషనులో దిగుదురు. సామానులు దింపుకొని ఆటో వెదకుకొను తొందరలో ఆ పేరు ఎవరిదని ఆలోచించువారు తక్కువ. స్టేషనుకు పడమరగా కొద్ది దూరములో, ఇరుకు సందుల బస్తీ నడుమ, ఆ పేరు గల సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా సమాధి ఉన్నది. అదే ఆవరణలో, గురువు పాదముల దిక్కున, ఆయన శిష్యుడు అమీర్ ఖుస్రో సమాధి. ముందు శిష్యుని దర్శించి, పిమ్మట గురువును దర్శించుట అక్కడి ఆచారము. గురువారము సాయంకాలము ఖవ్వాలులు హార్మోనియమును, ఢోలకును ముందు పెట్టుకొని ఆ ముంగిట కూర్చుందురు. పాట చివర ఖుస్రో పేరు వచ్చును. ఆ పేరు వచ్చినచోట అక్షరము రాని కూలివాడు సైతము తల ఊపును.

ఏడువందల ఏండ్ల క్రిందట పోయిన కవికి ఈ భాగ్యము అబ్బుట సామాన్యము కాదు. చిత్రమేమనగా, ఖుస్రో తన కీర్తికి ఆధారముగా నమ్ముకొన్నది ఈ పాటలను కాదు, పారసీ కవిత్వమును. ఐదు దీవానులు, నిజామీ గంజవీ పంచకావ్యములకు దీటుగా 1298 మొదలు 1301 లోపల వ్రాసిన ఐదు కావ్యములు, సుల్తానుల విజయములను వర్ణించు పద్యగ్రంథములు, గద్యగ్రంథములు - ఇవి వ్రాతప్రతులలో భద్రముగా ఉన్నవి. వానిని నేడు చదువువారు పండితులు మాత్రమే. పెండ్లిండ్లలో, దర్గాలలో, సినిమాలలో వినబడు ఖుస్రో వేరు. ఆ ఖుస్రో పేర పాడుకొను పాటలకు ఆయన కాలపు వ్రాతప్రతి ఒక్కటియు లేదు. ఈ రెండవ ఖుస్రో ఎవరు అన్నది ఆ గీతములను గూర్చి మాట్లాడబూనిన విమర్శకుడు మొట్టమొదట ఎదుర్కొనవలసిన ప్రశ్న.

ఖుస్రో 1253లో నేటి ఉత్తరప్రదేశములోని పటియాలీలో పుట్టినాడు. తండ్రి తురుష్కుడు. తల్లి, ఢిల్లీ కొలువులో ఉన్నతోద్యోగియైన ఇమాదుల్ ముల్క్ కుమార్తె, హిందూస్థానపు ఇంటి ఆడపడుచు. తండ్రి చిన్ననాడే పోవుటచే బాలుడు మాతామహుని ఇంట పెరిగినాడు. పారసీ ఆయనకు కొలువులో అన్నము పెట్టిన భాష. హిందవి ఇంటిలోని స్త్రీల నోట విన్న భాష అయి ఉండవలెను. ఈ విభాగము గుర్తుంచుకొనదగినది. ఆయన పేర నిలిచిన పాటలలో మాట్లాడునది దాదాపు ఎల్లప్పుడును స్త్రీయే.

కొలువుల జాబితా దీర్ఘమైనది. బల్బను కుమారుడు బుగ్రాఖానును సేవించినాడు. మరొక కుమారుడు ముహమ్మదు వెంట ముల్తానులో ఉండగా 1285లో మంగోలులు ఆ రాకుమారుని చంపినారు, ఖుస్రో వారికి బందీయై తప్పించుకొని వచ్చినాడు. తరువాత కైకుబాదు, జలాలుద్దీన్, అలాఉద్దీన్, ముబారక్ షా, గియాసుద్దీన్ తుగ్లక్ - సింహాసనము మీద మనుషులు మారిరి గాని కవి మారలేదు. జలాలుద్దీనును చంపించి అలాఉద్దీను గద్దె నెక్కినప్పుడు క్రొత్త ప్రభువును స్తుతించుటకు ఆయన వెనుదీయలేదు. దీనికి ఎదురుగా నిజాముద్దీన్ ఔలియా ఆశ్రమము ఉన్నది. ఆ గురువు సుల్తానుల కొలువులకు దూరముగా నిలిచినవాడు. ఖుస్రో జీవితమంతయు ఈ రెండు గడపల నడుమ నడచినది.

1294 ప్రాంతమున కూర్చిన ‘గుర్రతుల్ కమాల్’ అను మూడవ దీవానుకు ఆయన దీర్ఘమైన పీఠిక వ్రాసినాడు. తాను హిందూస్థానపు తురుష్కుడననియు, హిందూస్థానపు చిలుకననియు, తన మధురమైన మాట వినగోరువారు తన్ను హిందవిలోనే అడుగవలెననియు అందులో చెప్పుకొన్నాడు. హిందవిలో కొంత కవిత్వము చెప్పి మిత్రులకు పంచి ఇచ్చితిననియు అన్నాడు. మనకు గల గట్టి సాక్ష్యము ఇంతే. కవియే ఒప్పుకొన్నాడు గనుక హిందవీ రచన చేసెనన్నది నిర్వివాదము. పంచి ఇచ్చివేసినాడు గనుక అది దీవానులలో చేరలేదు. మిత్రుల చేతిలోని ఆ కాగితములు ఎటుపోయినవో గాని పాట మాత్రము జనుల నోట బడినది.

తెలుగు పాఠకునికి ఇచ్చట తాళ్లపాక అన్నమాచార్యుడు జ్ఞప్తికి రాక మానడు. ఆయన (1408-1503) ముప్పదిరెండు వేల సంకీర్తనలు చెప్పెనని ప్రతీతి. రాగిరేకులపై చెక్కించిన వానిలో పండ్రెండు వేలకు పైగా మిగిలినవి. తిరుమల ఆలయములోని సంకీర్తన భాండారములో ఆ రేకులు తరతరములు మూతబడి ఉండగా, ఇరువదవ శతాబ్దిలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మున్నగు పెద్దలు పూనుకొని పరిష్కరించినారు. రేకుమీద రాగము పేరు ఉన్నది, పాడు వరుస లేదు. శర్మగారు క్రొత్తగా స్వరపరుపవలసి వచ్చినది. అనగా అక్షరము దక్కినది, దానిని పాడిన కంఠము పోయినది. ఖుస్రో విషయము దీనికి సరిగా తలక్రిందులు: కంఠము నిలిచినది, పత్రము పోయినది. అన్నమయ్య పాటను చేతబట్టి దీనిని ఎట్లు పాడినారని అడుగుదుము. ఖుస్రో పాటను విని దీనిని ఎవరు వ్రాసినారని అడుగుదుము. ఏ నష్టము పెద్దదో చెప్పుట సులభము కాదు. అన్నమయ్యకు రాగిరేకుల వ్యయమును భరింపగల ఆలయము ఉండెను. ఖుస్రో పాటకు ఖవ్వాలియు, పెండ్లింటి ముత్తైదువయు, నీళ్లు తోడు స్త్రీయు తప్ప దిక్కు లేదు.

సందేహములకు కారణములు బలమైనవే. మొదటిది భాష. ఖుస్రో యౌవనములో ఉండగా తిక్కన వృద్ధుడు. తిక్కన పద్యమును నేటి తెలుగువాడు వ్యాఖ్యానము లేక చదువుట కష్టము. ఖుస్రో పాటయో, నిన్న వ్రాసినట్లుండును. ఢిల్లీలో పాలు పోయువానికి సైతము అర్థమగును. పదమూడవ శతాబ్దిపు మాట ఇంత నునుపుగా ఉండజాలదు. ప్రతి తరమును దానిని తన మాటలతో తోమినదనక తప్పదు. రెండవది వస్తువు. ఆయన పేర చలామణియగు పొడుపుకథలలో హుక్కా మీద చెప్పినవి కలవు. పొగాకు మన దేశమునకు వచ్చినది పోర్చుగీసువారి వలన, ఖుస్రో పోయిన రెండువందల ఏండ్లకు తరువాత! ఇక ‘ఖాలిక్ బారీ’ అను పద్యనిఘంటువు కలదు. పారసీ, అరబీ మాటలకు హిందవీ అర్థములు చెప్పు ఆ పుస్తకమును బడిపిల్లలు తరతరములుగా ఖుస్రో రచనయని వల్లించినారు. హాఫిజ్ మహమూద్ శేరానీ దానిని పరిశోధించి, పదునేడవ శతాబ్దికి చెందిన జియాఉద్దీన్ ఖుస్రో అను వేరొకని రచనగా నిర్ణయించినారు. సితారును ఖుస్రో కనిపెట్టెనన్న వాడుకయు ఇట్టిదే; ఆయన గ్రంథములలో దానికి ఆధారము లేదు, సంగీతచరిత్రకారులు దానిని పదునెనిమిదవ శతాబ్దిపు ఖుస్రోఖానుకు ముడిపెట్టుచున్నారు.

నేడు ప్రచారములో ఉన్న కథలలో పెక్కింటికి మూలము మహమ్మద్ హుసేన్ ఆజాద్ 1880లో ప్రకటించిన ‘ఆబె హయాత్’. దప్పిగొని వచ్చిన కవిని నూతివద్ద నలుగురు స్త్రీలు పట్టుకొని, ఒకతె పాయసము మీద, ఒకతె రాట్నము మీద, ఒకతె కుక్క మీద, ఒకతె డోలు మీద కవిత చెప్పుమన్నారట. ఆయన నాల్గింటిని ఒక్క ముక్కలో ఇమిడ్చి చెప్పి నీళ్లు త్రాగెనట. మన తెనాలి రామలింగని కథలలో ఎంత చరిత్ర కలదో ఇందులోను అంతే కలదు. ఐనను ఈ పొడుపుకథలన్నియు ఆజాద్ నాటివే యనుకొనుట పొరపాటు. బెర్లినులోని స్ప్రెంగర్ సంగ్రహమునుండి గోపీచంద్ నారంగ్‌గారు ఒక వ్రాతప్రతిని వెలికితీసి ప్రకటించినారు. అది ఖుస్రో కాలపుది కాదు గాని, ఆజాద్‌కు పూర్వమే ఇవి ఖుస్రో పేర కూర్పబడి ఉండెననుటకు సాక్ష్యము. రామచంద్ర శుక్లగారు 1929 నాటి హిందీ సాహిత్యచరిత్రలో ఖుస్రోను ఆదికాలపు చిల్లర రచనల ప్రకరణములో విద్యాపతి ప్రక్కన కూర్చుండబెట్టినారు. ఏ గదిలోను ఇమడని పెట్టెను వసారాలో ఉంచుట వంటిది ఆ ఏర్పాటు.

అట్లని వ్రాతప్రతి లేదు గనుక పాటయే లేదనుట విమర్శ కాదు. పేరున్నది గనుక అంతయు ఆయనదే యనుటయు కాదు. పాటలు వ్రాసి జనుల నోట నిలిచినవారికి పేరు ఒక చిక్కు. అమెరికాలో స్టీఫెన్ ఫాస్టర్ (1826-1864) అను గీతకర్త ఉండెను. ఆయన పాటలను ఆ దేశస్థులు ఎవరు వ్రాసిరో తలంపక జానపద గీతములవలె పాడుకొన్నారు. 1851లో అచ్చైన ఒక ప్రసిద్ధగీతముపై రచయితగా ముద్రింపబడినది ఆయన పేరు కాదు, దానిని పాడిన బృందపు యజమాని క్రిస్టీ పేరు. ఆ గౌరవమును ఫాస్టరే డబ్బుకు ఇచ్చివేసినాడు. ఆయన చనిపోవునాటికి చేతిలో ముప్పదియెనిమిది సెంట్లు మాత్రమే ఉన్నవి. అచ్చుయంత్రము, హక్కుల చట్టము ఉన్న దేశములోనే రచయిత పేరు ఇట్లు జారిపోయినది. ఢిల్లీలో జరిగినది దీనికి విపర్యయము. ఇతరుల పాటలు వచ్చి ఒకని పేరులో చేరినవి. పేరు పోగొట్టుకొన్నవారు ఎవరో స్త్రీలు, ఎవరో ఖవ్వాలులు. వేమన మకుటము క్రింద ఎందరి పద్యములు చేరినవో ఎరిగిన తెలుగువానికి ఇది వింత కాదు. అందుచేత ‘ఖుస్రో పాట’ అనునది ఒక రచనాశైలి పేరుగా గ్రహించుట క్షేమము. ఆ శైలికి బీజము వేసినవాడు ఖుస్రోయే యనుటకు ఆయన పీఠిక చాలును.

ఆ శైలి ఎట్టిదో పాటలలోనే చూడవలెను. కూతురిని అత్తవారింటికి పంపునప్పుడు పాడు పాట ఉత్తరహిందూస్థానమంతట ప్రసిద్ధము. 1981లో వచ్చిన ‘ఉమ్రావ్ జాన్’ చిత్రములో ఖయ్యామ్ సంగీతమున జగ్‌జీత్ కౌర్ దానిని పాడినారు. అన్నదమ్ములకు ఇల్లు దక్కుటను, తనకు దూరదేశము దక్కుటను ఆ పిల్ల తండ్రి ఎదుట పోల్చి చూపును. తన్ను తోలినవైపు పోవు ఆవుతోను, వాకిట వ్రాలి ఎగిరిపోవు పిట్టతోను పోల్చుకొనును. మన అప్పగింతల పాటలలో ఎక్కువగా మాట్లాడునది పుట్టినింటివారు. వారు బుద్ధులు చెప్పుదురు, బిడ్డను వియ్యాలవారి చేతులలో పెట్టుదురు. పెండ్లికూతురు తల వంచుకొని వినును. ఇచ్చట మాట్లాడునది ఆ పిల్లయే. ఏడ్పు వెనుక వాదన ఉన్నది. ఆస్తి పంపకమును గూర్చిన ఫిర్యాదు ఉన్నది. వ్యాఖ్యాతలు పలువురు పుట్టినిల్లు ఇహలోకమనియు, అత్తవారిల్లు పరలోకమనియు చెప్పి తృప్తి పడుదురు. సూఫీ గోష్ఠిలో ఆ అర్థము స్ఫురించుట నిజమే. కాని ముందు పిల్ల కన్నీరు నిజము కానిచో ఆ వేదాంతము ఎవరికి కావలెను? ముత్తైదువలు దీనిని ఇన్ని తరములు దాచుకొన్నది పరలోకము కొరకు కాదు.

వర్షఋతువులో పాడు మరొక పాట మరింత చిన్నది. శ్రావణము వచ్చినది, తన్ను తీసికొనిపోవుటకు నాయనను పంపుమని కూతురు తల్లికి కబురు చేయును. నాయన ముసలివాడని తల్లి బదులు చెప్పును. తమ్ముని పంపుమన, వాడు పసివాడు. మామను పంపుమన, ఆయన సొగసుకాడు, చెప్పిన మాట వినడు. అంతే, పాట ముగియును. ఎవరును రారన్న మాట ఎక్కడను చెప్పబడలేదు. మూడు జవాబులలో ఒక ఇంటి నిస్సహాయత అంతయు కనబడును. కన్నీటి మాట ఒక్కటియు లేకుండ ఇంత దుఃఖము పలికించుటకు గొప్ప పొదుపు కావలెను. అది ఖుస్రోదైనను, పేరు తెలియని ఏ ఇల్లాలిదైనను, ఆ పొదుపుకు విలువ తగ్గదు.

‘ముకరీ’ అను ప్రక్రియ వేరు. ఒక స్త్రీ చెలికత్తెతో తన్ను వదలని దానిని, రాత్రియంతయు తోడున్న దానిని వర్ణించును. చెలికత్తె నీ ప్రియుడా యని అడుగును. కాదే, దీపము అనియో, మరొక వస్తువు అనియో ఆమె తప్పించుకొనును. ‘కువలయానందము’ చదివినవారు వెంటనే ఇది ఛేకాపహ్నుతి యందురు. కాలికి తగులుకొని మాట్లాడునది కాంతుడా యని చెలి అడుగగా కాదు, అందె అని బుకాయించిన నాయిక అందులో కలదు. అలంకారశాస్త్రములో ఒక్క శ్లోకముగా నున్న చమత్కారము నూతిగట్టున ఆటగా మారినది. ఏది ముందో తేల్చుట కష్టము. శాస్త్రకారులు ఉదాహరణలను వీథినుండి తెచ్చుకొనుటయు కలదు. ఈ ప్రక్రియ చావలేదనుటకు భారతేందు హరిశ్చంద్రుడు సాక్షి. పందొమ్మిదవ శతాబ్దిలో ఆయన క్రొత్త కాలపు ముకరీలు వ్రాసి, ప్రియుని చోట రైలును, పోలీసును కూర్చుండబెట్టి దొరల పాలనను ఎగతాళి చేసినాడు.

ఒక పాదము పారసీలో, ఒక పాదము హిందవిలో నడచు విరహగీతము మరొకటి కలదు. పాల్కురికి సోమనాథుని ‘వృషాధిప శతకము’లోని బహుభాషాపద్యములను ఎరిగిన తెలుగు పాఠకుడు అట్టి కూర్పునకు విస్తుపోడు. అయితే సోమనాథుని పద్యములలో భాషాపాండిత్యము మెరయును. ఈ గీతములో రెండు భాషలు రెండు పాత్రలుగా ప్రవర్తించును. పారసీ పాదము కొలువులోని పురుషునివలె మర్యాదగా వేడుకొనును, హిందవీ పాదము చెలికత్తెతో గోడు చెప్పుకొను స్త్రీవలె పలుకును. ఇదియు ఖుస్రోదనుటకు ప్రాచీన దీవానుల సాక్ష్యము లేదు. దీని ఎత్తుగడను గుల్జార్‌గారు 1985 నాటి ‘గులామీ’ చిత్రములోని పాటకు ఎత్తుకొన్నారు. పారసీ ఒక్క ముక్క తెలియని కోట్లమంది ఆ పాట పాడుకొన్నారు.

వీనిని తెలుగు చేయబూనిన అనువాదకునికి అన్నియు ఒకే విధముగా లొంగవు. అప్పగింతల పాట వచ్చును. శ్రావణపు పాట ఇంకను సులభముగా వచ్చును. ముకరీ కొంత పెనుగులాడి వచ్చును. రెండు ప్రశ్నలకు ఒక్క జవాబు చెప్పు ‘దో సుఖనే’ రానే రాదు. అందులో ‘తలా’ అన్న మాటకు వేయించుటయు, చెప్పు అడుగుభాగమును అర్థములు. ఆ శ్లేష ఢిల్లీ నేలలోనే మొలచును. పండితులు క్రింద వివరణ వ్రాయుదురు. వివరించిన హాస్యము చల్లారిన కాఫీ. అట్టిచోట తెలుగు శ్లేషతో తెలుగు పొడుపు కట్టి, ఇది ఖుస్రో ప్రక్రియకు అనుకరణ అని చెప్పుట నిజాయితీ.

ఇంతవరకు చెప్పినది మన ఇష్టమునకు ఒదిగిన ఖుస్రోను గూర్చి. తెలుగువారికి ఆయనతో మరొక లెక్క ఉన్నది. 1309 చివర మాలిక్ కాఫూర్ సైన్యము ఢిల్లీనుండి కదలి, 1310 మొదట ఓరుగల్లు చేరి మట్టికోటను పట్టుకొని రాతికోటను ముట్టడించినది. ఆ దండయాత్రను ‘ఖజాయినుల్ ఫుతూహ్’ అను గద్యగ్రంథములో వర్ణించినవాడు ఖుస్రోయే. ప్రతాపరుద్రుడు సంధి చేసికొనుచు, బంగారముతో తన ప్రతిమను చేయించి, మెడకు బంగారు గొలుసు తగిలించి పంపెనని ఆయన వ్రాసినాడు. ఆ గద్యము శ్లేషలతో, రూపకములతో కిటకిటలాడును. నూతివద్ద నవ్వించు అదే చాతుర్యము ఇచ్చట ఒక నగరపు ఓటమికి తొడిగిన నగ. హిందూముస్లిం సమైక్యతకు చిహ్నముగా ఖుస్రోను కీర్తించు ఉపన్యాసములలో ఈ పుటలను దాటవేయుదురు. ఆయనను దూషింపగోరువారు ఈ పుటలనే చదివి పాటలను మరుతురు. ఓరుగల్లువారి వారసులకు రెండు సౌకర్యములును తగవు.

ఎందుకనగా 1318లో వ్రాసిన ‘నుహ్ సిపిహ్ర్’ కావ్యములో అదే కవి హిందూస్థానపు భాషలను వరుసగా పేర్కొన్నాడు. సింధీ, లాహోరీ, కాశ్మీరీ, ధోరసముద్రపు భాష, తిలంగీ, గుజరాతీ, మాబరీ, బెంగాలీ, అవధీ, ఢిల్లీ పరిసరముల భాష - ఇట్లు సాగు ఆ జాబితాలో తిలంగీ మన తెలుగే. ఏ భాషను తక్కువచేసి మాట్లాడలేదు. ప్రతి సీమకు తన భాష కలదని గుర్తించినాడు. అదే గ్రంథములో ఖుస్రోఖాన్ అను సేనాని ఓరుగల్లు మీదికి నడిపిన దండయాత్ర వర్ణనయు ఉన్నది. తెలుగు పేరును ఆదరముతో వ్రాసిన కలమును, తెలుగు కోట మీది దండును పొగడిన కలమును వేరు చేయుటకు వీలులేదు. ఒకే గ్రంథము, ఒకే సంవత్సరము. 1323లో ఓరుగల్లు పూర్తిగా పడిపోవునాటికి కవి జీవించియే ఉన్నాడు.

1325 ఏప్రిలులో నిజాముద్దీన్ ఔలియా కన్ను మూసినప్పుడు ఖుస్రో సుల్తాను వెంట వంగదేశయాత్రలో ఉండెనని చెప్పుదురు. వార్త విని వచ్చి, ఉన్నదంతయు పంచిపెట్టి, గురువు సమాధివద్ద కూలబడెనట. అప్పుడు చెప్పెనన్న దోహా ఒకటి నేటికిని ఆ ముంగిట పాడుదురు. గురువు అందులో ముఖముపై కురులు పరచుకొని నిదురించు సుందరి, కవి చీకటిపడగా ఇంటికి మరలవలసిన బాటసారి. అదే ఏడు అక్టోబరులో ఆయనయు పోయినాడు. ఆ దోహా కూడ ఆయనదని రుజువు లేదు.

తెలుగులో ఖుస్రో సంపుటము కూర్చువారు ఈ దోహాను, శ్రావణపు పాటను, ఓరుగల్లు పుటలను, భాషల జాబితాను ఒకే అట్టల నడుమ పెట్టవలెను. ప్రతి పాట క్రిందను అది మొదటిసారి ఎప్పుడు, ఏ పుస్తకములో గ్రంథస్థమైనదో, నేడు ఎవరి నోట వినబడుచున్నదో రెండు పంక్తులలో వ్రాయవలెను.